నొక్కితే పేలాలి, అంతే

అమ్మడూ,

మీ అమ్మ మొన్న ఫోన్లో అరగంట సేపు నన్ను వాయించింది. అమ్మాయి శని ఆదివారాలు తుపాకీ పట్టుకుని తిరుగుతోందనీ, ఇప్పుడు గరాజ్‌లో తూటాలు కూడా తయారుచేస్తానంటోందనీ, ఇదంతా నా చలవేననీ దాని గోల. “నువ్వైనా నాలుగు మంచిమాటలు చెప్పన్నయ్యా” అంది. చెబుతానని మాటిచ్చాను. మానెయ్యమని చెబుతానని మాత్రం అనలేదు.

నువ్వు నన్ను రెండు ప్రశ్నలడిగావు. ఏ పిస్టల్ కొనాలి, తూటాలు సొంతంగా నింపుకోవడం ఎలా మొదలుపెట్టాలి అని. నా దృష్టిలో రెండూ ఒకటే ప్రశ్న. బజర్ మోగాక నీ బుర్రలో ఎటు పరుగెత్తాలి, ఏ టార్గెట్ ముందు, మ్యాగజైన్ ఎక్కడ మార్చాలి, ఇవే తిరగాలి. చేతిలో ఉన్నది పేలుతుందో లేదో అన్న అనుమానం మధ్యలో దూరిందంటే ఆ స్టేజ్ పోయినట్టే. కాబట్టి తుపాకీ దగ్గర్నుంచి ప్రైమర్ దాకా ప్రతి ఎంపికకీ నేను వాడే గీటురాయి ఇదొక్కటే: దీని గురించి నేను మర్చిపోగలనా, లేదా?

కొనేముందు ఆట లెక్క వంటబట్టించుకో. 1976లో మిజోరీ రాష్ట్రంలోని కొలంబియాలో ఈ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ పుట్టింది. జెఫ్ కూపర్ దానికి తొలి అధ్యక్షుడు. గురి, బలం, వేగం అన్న అర్థమొచ్చే మూడు లాటిన్ మాటలు వాళ్ల నినాదం. మనం ఇక్కడ ఆడే యూఎస్‌పీఎస్‌ఏ దానికి అమెరికా శాఖ. తగిలిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్. గురి, వేగం అందులో వచ్చేశాయి. బలాన్ని కొలిచేది పవర్ ఫ్యాక్టర్. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగించాలి. 125 ఉంటే మైనర్, 165 ఉంటే మేజర్. టార్గెట్ మీద ‘ఏ’ జోన్‌లో తగిలితే ఎవరికైనా 5 పాయింట్లే. ‘సీ’లో తగిలితే మేజర్ వాడికి 4, మైనర్ వాడికి 3. ‘డీ’లో అయితే 2, 1. పూర్తిగా తప్పిందా, 10 పోతాయి.

ఇప్పుడు ఎనిమిది టార్గెట్లు, ఒక్కోదానికి రెండు తూటాలు అనుకో. మొత్తం 80 పాయింట్లు. అన్నీ ‘ఏ’లోనే కొట్టి 16 సెకన్లు తీసుకుంటే హిట్ ఫ్యాక్టర్ 5. అదే 14 సెకన్లలో ముగించి నాలుగు ‘సీ’లు పడ్డాయనుకో: మైనర్‌లో 72 పాయింట్లు, 5.14. మేజర్‌లో 76 పాయింట్లు, 5.43. ఈ తేడా చూడగానే కొత్తవాళ్లందరికీ మేజర్ మీద మనసు పోతుంది. మేజర్ కావాలంటే లిమిటెడ్‌లో కనీసం .40 క్యాలిబర్ ఉండాలి. 9 ఎంఎంతో మేజర్ ఒక్క ఓపెన్ డివిజన్‌లోనే కుదురుతుంది. దెబ్బ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, అలవాటయ్యే లోపల కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగే జబ్బు పట్టుకునే అవకాశమూ ఎక్కువ. నువ్వు 9 ఎంఎం మైనర్‌తోనే మొదలుపెట్టు. కాల్చాక రాలిన దాని ఖాళీ కేసులు రేంజ్‌లో ఎక్కడ చూసినా ఉంటాయి, తూటా చవక, దెబ్బ తక్కువ. డివిజన్ అంటావా, క్యారీ ఆప్టిక్స్. పైన రెడ్ డాట్ ఉంటుంది, అందరూ మైనర్‌లోనే ఆడతారు కాబట్టి ఎదుటివాడి మేజర్ చూసి ఏడవక్కర్లేదు. రూల్ బుక్ మాత్రం కొనే ముందు రోజు కొత్తది తీసి చదువు. మ్యాగజైన్ పొడవు, బరువు, ఏ మార్పు చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నవి వాళ్లు మారుస్తూనే ఉంటారు.

ఇక పిస్టల్. యూట్యూబ్‌లో ఛాంపియన్ చేతిలో చూసి కొనడం ఇంకొకరి పాదం కొలిచి చెప్పులు కొనుక్కోవడం లాంటిది. నీ చెయ్యి చిన్నది. పిడి పట్టుకున్నప్పుడు తుపాకీ వెనకభాగం నీ ముంజేతి ఎముకకు వరసలో ఉండాలి, అలా ఉంటూనే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద తిన్నగా ఆనాలి. వేలు అందడానికి పిడిని చేతిలో పక్కకు తిప్పుకోవాల్సి వచ్చిందంటే, ఎంత గొప్ప పిస్టలైనా అది నీది కాదు.

సీజెడ్ షాడో 2 అందరి నోటా వింటూ ఉంటావు. చెక్ దేశపు సరుకు, నిండా ఉక్కు, 1,300 గ్రాముల పైచిలుకు బరువు. ఆ బరువే దెబ్బను మింగేస్తుంది. నాకు అదంటే ప్రాణం. కానీ క్యారీ ఆప్టిక్స్‌లో హ్యామర్ కిందికి దించి మొదలుపెట్టాలి కాబట్టి మొదటి తూటాకు ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా లాగాలి. చిన్న చేతికి అక్కడే వేలు అందదు. గ్లాక్ 17, 34లకు ఆ బాధ లేదు, మొదటి తూటా అయినా పదో తూటా అయినా ట్రిగ్గర్ ఒకటే. చూడ్డానికి ఇటుకలా ఉంటుందని మూతి విరవకు, ఏం పెట్టినా తింటుంది. వాల్తర్ వాళ్లు 2022లో పీడీపీలో ఎఫ్ సిరీస్ అని చిన్న చేతుల కోసమే తెచ్చారు. పిడి చుట్టుకొలత తగ్గించి, ట్రిగ్గర్‌ను దగ్గరికి తెచ్చి, స్లైడ్ తేలిగ్గా లాగేట్టు చేశారు. నేనైతే నీ చేతిలో మొదట దాన్నే పెట్టి చూస్తాను. 2011 తరహా పిస్టళ్లు, అంటే 1911కి డబుల్ స్టాక్ మ్యాగజైన్ తగిలించిన రకం, ఈ ఆటలో రాజులే. వేలకు వేలు పోయాలి, మ్యాగజైన్లు కూడా ఖరీదే. ఒకటి రెండేళ్లు ఆడాక మోజు అలాగే ఉంటే అప్పుడు చూద్దాం.

షాపులో పట్టుకుని చూస్తే సగమే తెలుస్తుంది. క్లబ్ మ్యాచ్‌లో నీ స్క్వాడ్ వాళ్లని అడుగు. ఆట అయిపోయాక ఒక మ్యాగజైన్ కాల్చి చూడమని వాళ్లే బలవంతంగా చేతిలో పెడతారు. ఈ ఆటలో ఉన్న మంచితనం అది. ప్రతిగా నువ్వు చెయ్యాల్సింది, వేరేవాళ్లు ఆడేటప్పుడు కుర్చీలో కూర్చోకుండా టార్గెట్లకు కాగితం అతికించడం, పడిపోయిన ఇనప ప్లేట్లు నిలబెట్టడం. మ్యాగజైన్లు ఐదు కొనుక్కో. బెల్టు, హోల్‌స్టర్ దగ్గర పిసినారితనం పనికిరాదు, అంతే.

పిస్టల్ కొన్న వారానికే స్ప్రింగులు మార్చి ట్రిగ్గర్ తేలిక చేసుకోమని పదిమంది చెబుతారు. తుపాకీకీ తూటాకీ ముడి ఇక్కడుంది చూడు. హ్యామర్ స్ప్రింగ్ తేలికైతే ఫైరింగ్ పిన్ దెబ్బ కూడా తేలికైపోతుంది. ఆ దెబ్బకే తూటా అడుగున ఉన్న ప్రైమర్ పేలాలి. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు మెత్తన, ఆ దెబ్బకీ పేలతాయి. సీసీఐవి గట్టివి, కొన్ని పేలవు. 2020లో కొరత వచ్చినప్పుడు ఏ కంపెనీ ప్రైమర్ దొరికినా కళ్లకద్దుకుని తెచ్చుకునే పరిస్థితి. ఫెడరల్ తప్ప మరోటి ముట్టని తుపాకులున్నవాళ్లు పాపం రాత్రికి రాత్రి పాత స్ప్రింగులు వెతుక్కున్నారు. ట్రిగ్గర్‌లో అర పౌను తగ్గితే నీ హిట్ ఫ్యాక్టర్ ఏమీ మారదు. ఒక్క తూటా క్లిక్‌మని ఊరుకుంటే, స్లైడ్ లాగి దాన్ని పారేసి మళ్లీ గురి చూసే లోపల రెండు సెకన్లు పోతాయి. పైన లెక్కలో ఆ రెండు సెకన్ల విలువెంతో చూశావుగా. స్ప్రింగుల జోలికి పోకు.

రీలోడింగ్ వెంటనే వద్దు. కొన్ని నెలలు కంపెనీ తూటాలే కాల్చు. తుపాకీ ఎలా మోగుతుందో, ఎంత తంతుందో, కేసులు ఎటు ఎగిరి పడతాయో చేతికీ చెవికీ తెలియాలి; మామూలుదేదో తెలిస్తేనే తేడా పట్టుకోగలవు. ఈలోగా ఖాళీ కేసులు ఏరి దాచుకో. డబ్బు మిగులుతుందన్న ఆశ పెట్టుకోకు. తూటాకు పడే ఖర్చు తగ్గుతుంది, కాల్చే తూటాలు పెరుగుతాయి, బ్యాంకులో అదే బ్యాలెన్స్. ఒక్క క్లబ్ మ్యాచ్‌కే నూట యాభై, రెండు వందల తూటాలు పోతాయి. సొంతంగా నింపుకోవడానికి అసలు కారణం వేరే ఉంది: నీ తుపాకీకి, నీ చేతికి సరిపడా మెత్తగా, ప్రతి తూటా ముందుదానిలాగే ఉండేట్టు చేసుకోవచ్చు. కంపెనీవాళ్లు పవర్ ఫ్యాక్టర్ లెక్క పెట్టుకుని తయారుచెయ్యరుగా.

ప్రెస్ విషయానికొస్తే, ఇక్కడ స్కాట్స్‌డేల్‌లో డిల్లన్ వాళ్ల నీలం రంగు యంత్రాలు ప్రసిద్ధి. ఒకేసారి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్‌తో నేర్చుకోమనేవాళ్లున్నారు. చెడ్డ సలహా కాదు, కానీ మ్యాచ్‌కి రెండు వందలు కావాల్సినవాళ్లు నెలలోపే విసుగెత్తి వదిలేస్తారు. డిల్లన్ 550తో మొదలుపెట్టు. అందులో నాలుగు స్టేషన్లు. మొదటిచోట పాత ప్రైమర్ ఊడి కేసు కొలతకు వస్తుంది, హ్యాండిల్ వెనక్కి తిరిగొచ్చి చివర్లో ముందుకు ఒత్తినప్పుడు కొత్త ప్రైమర్ కూర్చుంటుంది. రెండోచోట కేసు మూతి కాస్త విచ్చుకుని మందు పడుతుంది. మూడోచోట గుండు దిగుతుంది, నాలుగోచోట విచ్చుకున్న మూతి మళ్లీ దగ్గరికి నొక్కుకుంటుంది. కేసులున్న ప్లేటును స్టేషన్ నుంచి స్టేషన్‌కు బొటనవేలితో నువ్వే తిప్పాలి. ప్రమాదమంతా ఆ తిప్పడంలో ఉంది. ఏదో ఇరుక్కుని ఆగావు, సరిచేశావు, ప్లేటు తిప్పానో లేదో గుర్తులేదు, హ్యాండిల్ మళ్లీ దించావు. రెండో స్టేషన్‌లో ఉన్న కేసులో మందు రెండుసార్లు పడింది.

అందుకే మందు ఎంపికలో వేగం, పొగ, వాసన అన్నీ తర్వాత. ముందు చూడాల్సింది గుల్లగా ఉండి కేసులో ఎక్కువ చోటు నింపేదేనా అని. టైట్‌గ్రూప్ లాంటివి కొంచెం వేస్తే చాలు, డబ్బా ఎక్కువకాలం వస్తుందని జనం ఎగబడతారు. కొంచెమే పడుతుంది కాబట్టే రెండుసార్లు పడినా కేసులో ఇమిడిపోయి, పైన గుండు నిక్షేపంగా కూర్చుంటుంది. గుల్ల మందు రెండుసార్లు పడితే కంటికి కనిపిస్తుంది, అసలు గుల్లదైతే పొంగి ప్లేటంతా పడుతుంది. ప్రెస్‌కు చిన్న ఎల్‌ఈడీ దీపం తగిలించు. గుండు పెట్టేముందు ప్రతి కేసులోకీ తొంగిచూడు. ప్రతి కేసూ అంటే ప్రతిదీ. మధ్యలో ఆగావా, ప్లేటు మీదున్నవన్నీ తీసి పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టు. 750కి ప్లేటు దానంతటదే తిరుగుతుంది, మందు మట్టం తప్పితే బీప్ కొట్టే పరికరం పెట్టుకోడానికి ఇంకో స్టేషన్ కూడా ఉంది. అయినా కళ్లకు సెలవివ్వకు. ప్రెస్ దగ్గర ఫోన్ వద్దు, టీవీ వద్దు, ఆఫీసులో ఎవరితోనో గొడవపడి వచ్చిన సాయంత్రం అసలు ఆ గదిలోకే వెళ్లకు.

మందు ఎంత వెయ్యాలో నేను రాయడం లేదు, కావాలనే. మందు తయారుచేసిన కంపెనీ ఇచ్చే లెక్క, లైమన్, హోర్నడీ లాంటి అచ్చు మాన్యువల్, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని, తక్కువ అంకెతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకో. స్క్వాడ్‌లో ఎవరో చెప్పిన అంకె వాడి తుపాకీకి, వాడి గుండుకి, వాడి తూటా పొడవుకి సంబంధించింది. గ్రెయిన్ ఎంత చిన్నదో తెలుసుగా, పౌనుకు ఏడువేలు. కాబట్టి తూకం పెట్టిన ప్రతిసారీ చెక్ వెయిట్లతో సరిచూసుకో. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. పని అయ్యాక మిగిలిన మందు దాని డబ్బాలోకే పోవాలి, రెండు రకాలు ఎప్పుడూ కలవకూడదు.

గుండు బరువు 115, 124, 147 గ్రెయిన్లలో దొరుకుతుంది. నాకు 147 ఇష్టం, మెల్లగా తోస్తున్నట్టుంటుంది, చెళ్లున కొట్టదు. 147 గ్రెయిన్ల గుండు సెకనుకు 900 అడుగులు పోతే పవర్ ఫ్యాక్టర్ 132. నువ్వు 130కి అటూఇటూగా ఉంచుకో, 126 దగ్గర గీత గీసుకుని కూర్చోకు. చలి ఉన్న ఉదయం కొన్ని మందులు వేగం తగ్గుతాయి, పెద్ద మ్యాచ్‌లో వేగం కొలిచే వాళ్ల యంత్రం నీ యంత్రంతో ఏకీభవించకపోవచ్చు. అక్కడ నీ తూటాలు కొన్ని వాళ్లే తీసుకుని, ఒకదాన్ని విప్పి గుండు తూకం వేసి, మిగతావి నీ పిస్టల్‌తోనే క్రోనోగ్రాఫ్ మీదుగా కాలుస్తారు. 125కి తగ్గితే మ్యాచ్ ఆడనిస్తారు, స్కోరు మాత్రం ఇవ్వరు. విమానం టికెట్టు, హోటల్ ఖర్చు, మూడు పాయింట్ల మెత్తదనం కోసం గంగపాలు.

తూటా పొడవు సంగతి. మాన్యువల్‌లో 9 ఎంఎంకి గరిష్ఠం 1.169 అంగుళాలని రాసుంటుంది. గ్లాక్‌లో హాయిగా దిగే పొడవు సీజెడ్‌లో దిగకపోవచ్చు. సీజెడ్ బ్యారెల్‌లో గాడులు ముందుగానే మొదలవుతాయి. బ్యారెల్ ఊడదీసి చేత్తో పట్టుకుని తూటాను అందులోకి వదులు. టప్పున అడుక్కి దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే జారి రాలాలి. ఈ మూడూ జరిగితేనే ఆ పొడవు నీది. అలాగని మరీ లోతుగా దించకు. కేసులో చోటు తగ్గేకొద్దీ ఒత్తిడి చాలా పెరుగుతుంది.

రేంజ్‌లో ఏరిన కేసుల్లో అన్ని కులాలూ ఉంటాయి. .380వి పొట్టిగా ఉండి 9 ఎంఎం గుంపులో దాక్కుంటాయి. మిలిటరీవాటికి ప్రైమర్ చుట్టూ నొక్కు ఉంటుంది, కొత్త ప్రైమర్ సరిగా దిగదు. కొన్నిటి లోపల మెట్టు ఉంటుంది, మందుకు చోటు తగ్గిపోతుంది. నోట్లోకి చూస్తే గట్టులా కనిపిస్తుంది, తీసి పారెయ్యి. మ్యాచ్‌కి తీసుకెళ్లే ప్రతి తూటానూ వంద రంధ్రాల గేజ్‌లో దించి చూడు. అడుగులన్నీ పైకి కనిపిస్తాయి కదా, తిరగబడిన ప్రైమర్, ఎత్తుగా ఉన్న ప్రైమర్ వేలితో రాస్తేనే దొరికిపోతాయి. గేజ్‌లో దిగనివి ప్రాక్టీసుకి. ప్రైమర్ అనుమానంగా ఉన్నవి దేనికీ వద్దు.

ఇన్ని చేసినా ఒకరోజు ‘ఢాం’ అనాల్సింది ‘టుప్’ అంటుంది. మందు పడని తూటా అది. ప్రైమర్ బలానికి గుండు బ్యారెల్ మధ్యదాకా పోయి ఇరుక్కుంటుంది. వెనకాల ఇంకోటి కాల్చావంటే బ్యారెల్ ఉబ్బుతుంది, తుపాకీ పగలనూ వచ్చు. స్టేజ్ మంచి ఊపులో ఉన్నప్పుడు చెయ్యి దానంతటదే స్లైడ్ లాగి మళ్లీ నొక్కుతుంది, ప్రమాదం అదే. శబ్దం తేడా వచ్చిందా, వేలు బయటికి, తుపాకీ అవతలి గట్టు వైపు, ఆగిపో. రేంజ్ ఆఫీసర్ ‘స్టాప్’ అని అరిచాక వాదించకు. స్కోరు సున్నా అయితే కానీ.

నువ్వు నింపినవి నీ తుపాకీలోనే కాల్చు. ఎవరికీ ఇవ్వకు, ఎవరివీ తీసుకోకు, నావి కూడా. అమ్మాలంటే లైసెన్సు కావాలి, ఆ ఆలోచనే వద్దు. సీసం సంగతి కూడా విను: కేసులు శుభ్రం చెయ్యడానికి పొడి పొట్టులో వేసి దొర్లించేటప్పుడు లేచే దుమ్ములో అది ఉంటుంది. ఆ పని ఇంట్లో కాదు, బయట. రేంజ్ నుంచి రాగానే చేతులు చన్నీళ్లతో, సబ్బుతో కడుక్కున్నాకే తిండి. ఏడాదికోసారి రక్తపరీక్షలో సీసం ఎంతుందో చూపించుకో, డాక్టరు వింతగా చూసినా సరే.

ఇంకో మాట. గ్రీన్ కార్డు వచ్చాకే నువ్వు ఇందులోకి దిగావు, బుద్ధిమంతురాలివి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయనుకో. నీ స్నేహితుల్లో సగంమంది ఆ వీసాల మీదే ఉన్నారు. “ఒక్క ఫోటోకి ఇవ్వవే” అంటారు. మొహమాటపడకు, లాయర్ని అడిగి రమ్మను. ఒక ఫోటో కోసం వాళ్ల ఇమిగ్రేషన్ ఫైలు పాడుకాకూడదు.

ఇండియా వెళ్లేటప్పుడు మరీ జాగ్రత్త. అక్కడ 9 ఎంఎం నిషిద్ధ బోరు కిందకొస్తుంది, లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసే. అమెరికా నుంచి వచ్చేవాళ్ల బ్యాగు మూలల్లో మర్చిపోయిన తూటా స్కానర్‌లో కనిపించి, పెళ్లికని దిగినవాళ్లు పోలీస్ స్టేషన్లో కూర్చున్న కథలు శంషాబాద్ చుట్టుపక్కల చాలానే విన్నాను. రేంజ్‌కి వాడిన బ్యాగును, అది ఎంత మంచిదైనా, ఎంత దులిపినా, ప్రయాణానికి వాడకు. జీన్సు జేబుల్లో, షూ లోపల, కారు సీటు కింద కూడా ఖాళీ కేసులు దూరి ఉంటాయి. సంక్రాంతికి వెళ్తానంటున్నావు కదా, ఈలోపే ఒక కొత్త సూట్‌కేసు కొనుక్కుని, దాన్ని గరాజ్‌లో కాకుండా పడగ్గదిలో పెట్టుకో.

ప్రేమతో,
మామయ్య